పోస్టరు ఎవరిది, లైసెన్సు ఎవరిది?

పాత సినిమా పోస్టర్లు పోగేసి నెట్‌లో పెట్టే అలవాటు నాకు చాలాకాలంగా ఉంది. ఈ పిచ్చి ఉన్నవాళ్లకు హీరో మొహం కన్నా పోస్టరు అడుగు అంచు ముఖ్యం. చీమ తలకాయంత అక్షరాల్లో ప్రెస్సు పేరు, ఊరు అక్కడే ఉంటాయి. అదృష్టం బాగుంటే ఓ మూల ఆర్టిస్టు సంతకం కూడా దొరుకుతుంది. చాలామంది అంచులు చిరిగాయని ముందు ఆ ముక్కే కత్తిరించి పారేస్తారు. పైగా బొమ్మ నడిమధ్య తమ పేజీ పేరు వాటర్‌మార్కు కొడతారు. గీసినవాడు పోయి స్కాన్ చేసినవాడు మిగులుతాడు.

ఈమధ్య దీనికి మరో ముచ్చట తోడైంది. పోస్టరు కింద ‘క్రియేటివ్ కామన్స్’ అని రాసేస్తున్నారు. ఉద్దేశం మంచిదే. 2002లో మొదలైన ఈ లైసెన్సులు ‘నా పేరు చెప్పి వాడుకోండి, మళ్లీ మళ్లీ అడగక్కర్లేదు’ అనడానికి పుట్టాయి. కాకపోతే ఆ మాట అనాల్సింది హక్కున్నవాడు. స్కానర్ మన ఇంట్లో ఉన్నంతమాత్రాన మనం అంటే అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టే.

‘గోడ మీదున్నదాన్ని నేనే ఫొటో తీశాను’ అనే వాదనా నిలబడదు. బహిరంగ స్థలంలో శాశ్వతంగా నిలిపిన శిల్పాలకు మన చట్టం ఇచ్చిన వెసులుబాటు మైదా జిగురుతో అంటించిన కాగితానికి వర్తించదు.

మరి హక్కు ఎవరిది, ఎన్నాళ్లు? అసలు చిక్కు ఇక్కడే ఉంది. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సినిమా గడువు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. బొమ్మ గడువు గీసిన మనిషి పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. డబ్బిచ్చి గీయించుకున్న నిర్మాతే సాధారణంగా హక్కుదారు అవుతాడు. కానీ గడియారం మాత్రం ఆర్టిస్టు ఆయుష్షును బట్టే తిరుగుతుంది. బాపు మొదటి సినిమా ‘సాక్షి’ 1967లో వచ్చింది. పోస్టర్ల ఆర్టిస్టు ఈశ్వర్ కెరీర్ మొదలైంది దానితోనే. సినిమా మీద హక్కు 2027తో తీరిపోతుంది. ఈశ్వర్ 2021లో కన్నుమూశారు కాబట్టి ఆయన గీసిన బొమ్మల మీద హక్కు 2081 చివరిదాకా నడుస్తుంది. సినిమా జనం సొత్తయిపోయాక కూడా దాని పోస్టరుకు మరో యాభై ఏళ్లకు పైగా యజమాని ఉంటాడన్నమాట! ‘మాయాబజార్’ సినిమా గడువు 2017తోనే ముగిసింది. అంతమాత్రాన దాని పోస్టర్లన్నీ స్వేచ్ఛగా దొరికేశాయనుకుంటే పొరపాటే. ఒక్కో బొమ్మకూ గీసిందెవరో వెతకాలి.

ఎవరు గీశారో ఎవరికీ తెలియకపోతే? అప్పుడు ప్రచురణ నుంచి లెక్క, 60 ఏళ్లకే విడుదల. అంటే సంతకం లేని పోస్టరే తొందరగా మన చేతికొస్తుంది. పేరు చెరిపేసినవాడికే లాభం అన్నట్టుంది ఈ లెక్క. గడువులోగా పేరు బయటపడితే మాత్రం లెక్క మళ్లీ మరణం దగ్గరికే వెళుతుంది. నన్నడిగితే ఎన్నేళ్లు ఆగాల్సివచ్చినా పేరు దొరకడమే మేలు. ఇది నేను చెప్పే నీతి కాదు. తన పని తనదని చెప్పుకునే హక్కు కాపీరైటు అమ్ముకున్నా కళాకారుడితోనే ఉంటుందని ఆ చట్టంలోని 57వ సెక్షనే చెబుతోంది.

‘ఎవరడుగుతారండీ, పబ్లిసిటీయే కదా’ అంటారు. నిజమే, పోస్టరు పుట్టిందే నలుగురి కంట్లో పడడానికి. అభిమాని షేర్ చేశాడని ఏ నిర్మాతా కోర్టుకెక్కడు. కానీ చూసీచూడనట్టు ఊరుకోవడం వేరు, లైసెన్సు ఇవ్వడం వేరు. మీరు తగిలించిన ఆ ముక్కను నమ్మి ఎవరో కుర్రాడు టీషర్టులు అచ్చేసుకుంటే నోటీసు వచ్చేది అతనికి.

సమీక్షకో విమర్శకో బొమ్మ వాడుకోవడానికి చట్టంలో చోటుంది. తెలుగు వికీపీడియా సినిమా వ్యాసాల్లో పోస్టర్లు చిన్న సైజులో కనిపించేది ఇలాంటి సముచిత వినియోగం ఆధారంగానే. వికీపీడియాకు బొమ్మల గిడ్డంగి అయిన వికీమీడియా కామన్స్‌లో అదీ కుదరదు, పూర్తి స్వేచ్ఛ ఉన్న బొమ్మలే అక్కడికి వెళ్లాలి. బాలీవుడ్ హంగామా అనే సినిమా వెబ్‌సైటు తన ఫొటోగ్రాఫర్లు వేడుకల్లో తీసిన ఫొటోలను క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో వదిలిపెట్టింది. హిందీ తారల వ్యాసాల్లో మంచి ఫొటోలు అన్ని కనిపించడానికి అదో కారణం. పోస్టర్లు మాత్రం ఆ ఒప్పందంలో లేవు. తనవి కానివి తాను ఇవ్వలేదు మరి.

కాబట్టి అడగాల్సింది మన నిర్మాతలను. ఫస్ట్ లుక్ అంటూ రోజుకో డిజైను వదులుతూనే ఉన్నారు. సినిమాకు ఒక్క పోస్టరును, డిజైనరు పేరుతో సహా, ఓపెన్ లైసెన్సు కింద ఇస్తున్నామని ప్రెస్ నోట్‌లో ఒక వాక్యం రాయండి. మిగతావన్నీ మీ దగ్గరే ఉంచుకోండి.