టుపొలెవ్ విమానము: పంకాలపై ఒక అపవాదు

విశాఖ సముద్రతీరమున 2017 నుండి ప్రదర్శనశాలగా నిలిచియున్న టీయూ-142 విమానమును చూచినవారు సామాన్యముగా రెండు మాటలంటారు: ఎంత పెద్దది! ఇంకా పంకాలేనా? మొదటిది నిజమే, రెక్కల కొన నుండి కొనకు 50 మీటర్లు. రెండవ మాటలో మాత్రము న్యాయము లేదు.

దీని మూలరూపమైన టీయూ-95 బాంబరు 1952లో మొదట ఎగిరినది. ఆనాటి జెట్ ఇంజనులు ఇంధనమును విపరీతముగా త్రాగేవి. మియాసిష్చెవ్ నిర్మించిన జెట్ బాంబరు ఎం-4కు అమెరికా వరకు పోయి తిరిగివచ్చే శక్తి చాలలేదు. టుపొలెవ్ టర్బైనుచేత పంకాలు త్రిప్పించాడు. శ్రీరాంపూర్ భూగర్భ గనులకు గాలినందించే పెద్ద పంకాలవంటివే ఇవీను: గాలిని నెట్టుటతోపాటు దానిని సుడి త్రిప్పుతాయి. ఆ సుడిలో పోయిన శక్తి వృథాయే. అందుచేత ఒక్కొక్క ఇంజనుకు, ఒకదాని వెనుక ఒకటిగా, ఎదురు దిశలలో తిరిగే రెండు పంకాలు అమర్చారు. మొదటిది రేపిన సుడిని రెండవది చక్కదిద్ది, ఆ శక్తిని త్రోపుడుగా మార్చుతుంది. ఫలితము: జెట్‌కు దగ్గరి వేగము, తక్కువ ఇంధనముతో దూరప్రయాణము. చప్పుడు మాత్రము దుర్భరము. ఇది పంకాల నిజమైన లోపము.

ఈ దూరప్రయాణశక్తి ఎవరి పనికైనా వచ్చినది. 1961లో 50 మెగాటన్నుల బాంబును జారవిడిచినది టీయూ-95 రకమే. దాని రెక్కలతోనే టీయూ-114 అదే ఏట ప్రయాణీకులను మోయసాగినది. టీయూ-142 భారత నౌకాదళమునకు 1988 నుండి 2017 వరకు జలాంతర్గాములను వెదకిపెట్టినది. 2022 నుండి ఉక్రెయినుపై క్షిపణులు వదలినదీ ఈ పంకాల విమానమే.