ఏడు కిలోల పనితనం

ఆఫీసులోనో ఇంట్లోనో పెద్ద యూపీఎస్ విప్పి చూసినవాళ్లకు 12 వోల్టుల, 18 ఆంపియర్ అవర్ల బ్యాటరీ తెలిసే ఉంటుంది. నల్లటి ప్లాస్టిక్ పెట్టె. పొడవు 18 సెంటీమీటర్లు, వెడల్పు 8కి కాస్త తక్కువ, ఎత్తు దాదాపు 17. అమెరికాలో ఎనర్‌సిస్ సంస్థ చేసే ఒడిస్సీ పీసీ680ని దాని పక్కన పెడితే తేడా కొన్ని మిల్లీమీటర్లే. ఒడిస్సీ సామర్థ్యం 16 ఆంపియర్ అవర్లు, అంటే కాగితం మీద యూపీఎస్ బ్యాటరీకన్నా తక్కువే. చేత్తో లేపి చూస్తే మాత్రం లెక్క మారుతుంది. యూపీఎస్ బ్యాటరీ ఐదున్నర, ఆరు కిలోల మధ్య తూగుతుంది, ఇది 7 కిలోలు. అది కరెంటు పోయినప్పుడు కంప్యూటరును కాసేపు నిలబెడుతుంది. ఇది కారు ఇంజన్‌ను తిప్పి లేపుతుంది. మార్పులు చేసుకున్న కారుకి చిన్న బ్యాటరీ వెతికేవాళ్లు ఏళ్ల తరబడి దీని దగ్గరకే వస్తున్నారంటే కారణం ఆ అదనపు సీసం, దాన్ని మలిచిన తీరు.

ఇంజన్‌కి టర్బో బిగించేవాళ్లకు గొట్టాలు పోవడానికి దారి కావాలి. ఆ దారిలో అడ్డంగా కూర్చునేది చాలాసార్లు బ్యాటరీయే. ట్రాక్ మీద తిప్పేవాళ్లకు 12, 15 కిలోల బ్యాటరీ బరువు కళ్లకు కొట్టినట్టు కనిపిస్తుంది. సీట్లు, స్పేర్ చక్రం, లోపలి గుడ్డలు తీసేసి ఒక్కో కిలో తగ్గించుకునే చోట, ఒక్క వస్తువు మార్చగానే 6, 7 కిలోలు పోవడం చిన్న విషయం కాదు.

కారు తయారుచేసినవాళ్లే ముందుగా ఈ శ్రద్ధ తీసుకున్న ఉదాహరణ మాజ్దా ఎంఎక్స్-5. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో బయటపెట్టారు, అమెరికాలో మియాటా అన్నారు. రెండు సీట్లు, 1.6 లీటర్ల ఇంజన్, మొత్తం కలిపి టన్నుకు లోపు బరువు. తొషిహికో హిరాయ్ నాయకత్వంలో దాన్ని రూపొందించిన బృందం బ్యాటరీని ఇంజన్ పక్కన పెట్టలేదు. వెనక డిక్కీలో కుడి మూలకు చేర్చింది. ముందున్న ఇంజన్ బరువుకు వెనక కొంత సరితూగాలన్నది ఆలోచన. అక్కడ పెట్టింది పానాసోనిక్ సీల్డ్ బ్యాటరీ, లోపల యాసిడ్ పారకుండా గాజుపీచు పట్టి ఉంచే రకం. గ్యాసు వస్తే కారు బయటికి పోయేలా సన్నటి గొట్టాలు కూడా ఇచ్చారు. ఈ జాగ్రత్తకు అర్థం తెలియక, చవకగా వచ్చిందని మామూలు యాసిడ్ బ్యాటరీని అదే మూలలో పెట్టినవాళ్ల కార్లలో డిక్కీ అడుగు రేకు తుప్పు పట్టింది. మూసిన డిక్కీలో హైడ్రోజన్ చేరడం అంతకన్నా పెద్ద ప్రమాదం. నా దృష్టిలో ఆ మూలలోని బ్యాటరీ కూడా స్టీరింగ్, సస్పెన్షన్‌లతో సమానంగా ఆ కారు రూపకల్పనలో భాగమే.

బ్యాటరీ ఎంచుకునేటప్పుడు మన కళ్లు ముందు ఆంపియర్ అవర్ల మీదికి పోతాయి. ఆ అంకె ఎంతసేపు ఇవ్వగలదో చెబుతుందే తప్ప ఎంత గట్టిగా ఇవ్వగలదో చెప్పదు. 1.6 లీటర్ల ఇంజన్ సెల్ఫ్ మోటారు తిరిగేటప్పుడు 150 ఆంపియర్ల దాకా లాగుతుందనుకుందాం. 2 సెకన్లలో ఇంజన్ అందుకుంటే ఖర్చయ్యేది ఒక ఆంపియర్ అవర్‌లో పన్నెండో వంతు. అంత చిన్న మొత్తానికి 45 ఆంపియర్ అవర్ల పెట్టె అక్కర్లేదు. కావలసింది ఆ 2 సెకన్లలో వోల్టేజి కూలిపోకుండా ఉండటం. దాన్ని నిర్ణయించేది బ్యాటరీ అంతర్గత నిరోధం. పీసీ680కి అది సుమారు 7 మిల్లీఓమ్‌లు. 150 ఆంపియర్ల దగ్గర లోపలే పోయేది 1 వోల్టుకు కాస్త ఎక్కువ. 12.8తో మొదలైన బ్యాటరీ 11.7 దగ్గర నిలబడుతుంది. అదే కొలతల యూపీఎస్ బ్యాటరీల్లో ఈ నిరోధం తరచుగా 12 నుంచి 15 మిల్లీఓమ్‌లు ఉంటుంది, అంటే వోల్టేజి రెట్టింపు పడుతుంది. సెల్ఫ్ మోటారు మొదట కదిలే క్షణంలో కరెంటు ఇంకా ఎక్కువ లాగుతుంది. యూపీఎస్ బ్యాటరీ చేతులెత్తేసేది ఆ క్షణంలోనే.

ఈ 7 మిల్లీఓమ్‌ల వెనక కథ 1859 దాకా పోతుంది. ఆ ఏడాది ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకుల మధ్య గుడ్డ పెట్టి, చాపలా చుట్టి, సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ముంచి మళ్లీ మళ్లీ చార్జి చేసుకోగల తొలి బ్యాటరీ చేశాడు. అది స్వచ్ఛమైన సీసమే. తర్వాత పెద్దఎత్తున తయారీ మొదలయ్యాక సీసం మెత్తదనం ఇబ్బందైంది. అచ్చులో పోసి తీసిన జాలీ, అంటే పలకలో మందును పట్టి ఉంచే సీసపు చట్రం, వంగిపోకుండా ఉండాలని అందులో యాంటిమొనీ కలిపారు. జాలీ గట్టిపడింది గానీ చార్జి చేసినప్పుడల్లా నీరు గ్యాసుగా విడిపోవడం పెరిగింది. నెలనెలా మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోయడం మన నాన్నల తరానికి అలవాటైన పని కావడానికి మూలం అదే. తర్వాత కాల్షియం కలపడం వచ్చి ఆ బాధ చాలావరకు తగ్గింది.

1970ల మొదట్లో డెన్వర్‌లో రబ్బరు బెల్టులకు పేరుపడ్డ గేట్స్ కంపెనీ ఇంజనీర్లు మళ్లీ ప్లాంటే దారి పట్టారు. స్వచ్ఛమైన సీసపు పల్చటి రేకుల మధ్య గాజుపీచు పెట్టి చుట్టిన సీల్డ్ సెల్ చేశారు. ఆ విద్య చేతులు మారుతూ హాకర్ సంస్థకు, అక్కణ్నుంచి ఎనర్‌సిస్‌కు వచ్చింది. మిస్సోరీ రాష్ట్రంలోని వారెన్స్‌బర్గ్ ఫ్యాక్టరీలో ఒడిస్సీ ఆ వంశంలోనే పుట్టింది. చుట్టలు పోయి బల్లపరుపు పలకలు వచ్చాయి, స్వచ్ఛమైన సీసం మాత్రం అలాగే ఉంది.

నాకు అన్నిటికన్నా నచ్చే పని ఇక్కడే ఉంది. జాలీని అచ్చులో పోయరు. సీసాన్ని రేకుగా సాగదీసి అందులోంచి జాలీని కొట్టి తీస్తారు. సాగదీసిన సీసంలో రేణువులు సన్నగా, ఒత్తుగా అమరుతాయి. పాజిటివ్ పలక వయసు తీరిపోయేది ఎక్కువగా జాలీ తినుకుపోవడం వల్లే. ఇలా సాగదీసిన జాలీలో ఆ తినుకుపోవడం రేణువుల హద్దుల వెంట లోతుగా చొచ్చుకుపోకుండా పైపైన నెమ్మదిగా సాగుతుంది. జాలీ అంత మన్నుతుంది కాబట్టే పలకను సుమారు 1 మిల్లీమీటరు దాకా పల్చగా చేసే ధైర్యం వచ్చింది. ఆత్రేయపురం పూతరేకుల్లా ఒకే ముద్దను ఎన్ని పల్చటి పొరలుగా పరిస్తే అంత విస్తీర్ణం వస్తుంది. యాసిడ్‌కి తగిలే విస్తీర్ణం పెరిగితే నిరోధం తగ్గుతుంది. మెత్తటి లోహంతో, అంత పల్చటి పలకలతో, చిరగకుండా వంగకుండా వేలకొద్దీ బ్యాటరీలు చేయడం సులువు కాదు. తయారీలో ఆ కష్టానికి ఒప్పుకున్నారు కాబట్టే ఈ వస్తువు పుట్టింది.

పలకల మధ్య ఉండేది కొన్ని మైక్రాన్ల మందం పోగుల గాజుపీచు. యాసిడంతా అందులో ఇంకి ఉంటుంది, పెట్టెను పక్కకు పడుకోబెట్టినా కారదు. పీచును యాసిడ్‌తో పూర్తిగా నింపరు, సన్నటి ఖాళీలు వదులుతారు. చార్జి అయ్యేటప్పుడు పాజిటివ్ పలక దగ్గర పుట్టిన ఆక్సిజన్ ఆ ఖాళీల గుండా నెగటివ్ పలకను చేరి మళ్లీ నీరవుతుంది. పలకలు, పీచు అన్నీ కలిపి గట్టిగా అదిమి పెట్టెలో దించుతారు కాబట్టి ఎంత అదురుడికీ పలక మీది మందు రాలదు. వ్యాన్స్ కంపెనీ ఆర్‌వీ విమానాల కిట్లు తెచ్చుకుని సొంతంగా కట్టుకునేవాళ్లు కూడా చాలాకాలంగా ఈ పీసీ680నే వాడుతున్నారంటే ఆ అదురుడు తట్టుకోవడం మీద నమ్మకంతోనే. గాజుపీచు విద్య మనకు కొత్తదేమీ కాదు. తిరుపతి దగ్గర కరకంబాడిలో మొదలైన అమరరాజా టెలికాం సంస్థలకు సీల్డ్ బ్యాటరీలు చేసి పేరు తెచ్చుకున్నదే.

ఈ చిన్న పెట్టె అందరికీ పనికిరాదు. అలారం, ఇంజన్ కంప్యూటరు, మ్యూజిక్ సిస్టం కలిసి కారు ఆపి ఉన్నప్పుడు 30 మిల్లీఆంపియర్లు తాగుతున్నాయనుకోండి. రోజుకు 0.72 ఆంపియర్ అవర్లు. పీసీ680లో సగం 11 రోజుల్లో పోతుంది. 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అదే స్థితికి రావడానికి నెల పడుతుంది. హెడ్‌లైట్లు ఆర్పడం మరిచి గంటసేపు షాపింగుకు పోతే తిరిగొచ్చాక నమ్మకం లేదు. సగం ఖాళీ అయిన బ్యాటరీని అలాగే వదిలేస్తే పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, ఎంత మంచి పనితనమూ దాన్ని ఆపలేదు. రోజూ నడిపే కారైతే, లేదా నిలిపి ఉంచే చోట చిన్న చార్జర్ తగిలించుకునే వీలుంటేనే దీని జోలికి వెళ్లాలి.

ఇంకొక శత్రువు వేడి. మామూలు పీసీ680ని 45 డిగ్రీల దాకానే వాడమంటారు. లోహపు తొడుగుతో వచ్చే రకానికి హద్దు 80 డిగ్రీలు. 10 డిగ్రీలు పెరిగితే సీసపు బ్యాటరీ ఆయుష్షు సుమారు సగమవుతుందన్నది ఈ రంగంలో అందరూ పాటించే లెక్క. మే నెల విజయవాడలో బయటే 45 దగ్గర ఉంటే టర్బో పక్కన బానెట్ కింద ఎంత ఉంటుందో చెప్పనక్కర్లేదు. మన ఎండల్లో కారుకి చిన్న బ్యాటరీ పెట్టుకునేవాళ్లు తొడుగున్నదే కొనాలి, వీలైతే డిక్కీకి మార్చాలి. అలా మార్చినప్పుడు కేబుల్ దగ్గర పిసినారితనం పనికిరాదు. 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ 4 మీటర్లకు 2 మిల్లీఓమ్‌లు కలుపుతుంది. దానికన్నా సన్నం కేబుల్ వేస్తే ఫ్యాక్టరీలో అంత కష్టపడి తగ్గించిన నిరోధాన్ని మనమే మళ్లీ పెంచినట్టు. బ్యాటరీకి ఆనుకునే ఫ్యూజు ఉండాలి.

బరువు ఒక్కటే చూస్తే లిథియం ఇంకా తేలిక. 2010లో పోర్షా తన 911 జీటీ3 లాంటి కార్లకు 6 కిలోల లోపు లిథియం స్టార్టర్ బ్యాటరీ ఇచ్చింది. మామూలుదానికన్నా 10 కిలోలకు పైగా తక్కువ. చలికి అది మొరాయించవచ్చని దానితోపాటు మామూలు సీసపు బ్యాటరీ కూడా ఇచ్చారు. అంత నిజాయితీగా హద్దు చెప్పడం నాకు నచ్చింది. పందెం కారుకి లిథియం సరే. వర్షంలో, ఎండలో, ఊరి రోడ్డు మీద తిరిగే కారుకి నా ఓటు స్వచ్ఛమైన సీసానికే.

కొనేటప్పుడు దుకాణంలోనే మల్టీమీటరు పెట్టి చూడండి. నిండా చార్జి ఉన్న పీసీ680 12.84 వోల్టులు చూపాలి. 12.6 కన్నా దిగువన ఉంటే చాలాకాలం అరలో పడి ఉందన్నమాట, ఇంకొకటి తీయించండి. బిగించాక ఇంజన్ నడుస్తుండగా ఆల్టర్నేటర్ 14.1 నుంచి 14.7 వోల్టుల మధ్య ఇస్తోందో లేదో చూసుకోండి. అంతకన్నా తక్కువైతే బ్యాటరీ సరిగా నిండదు.