ముందు జారాలా, వెనక జారాలా?

హైదరాబాద్ ఎల్బీ నగర్ చౌరస్తాకు ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు వచ్చాక సిగ్నల్ దగ్గర ఆగడం తగ్గింది, మలుపుల్లో వేగం పెరిగింది. విజయవాడ హైవే మీద ఎనభైలో వచ్చినవాళ్ల కాలు ర్యాంపు దగ్గర కూడా అదే ఊపులో ఉంటుంది. జూన్‌లో తొలి వాన పడిన రోజు, వేసవంతా పేరుకున్న దుమ్మూ ఆయిలూ నీళ్లతో కలిసి రోడ్డంతా జిగురుగా తయారవుతుంది. ఆ పూట కారు రెండు రకాలుగా మాట వినకుండా పోతుంది. స్టీరింగ్ తిప్పినా తిరగకుండా బయటి గోడవైపు పోతే అండర్‌స్టీర్. తిప్పినదానికంటే ఎక్కువ తిరిగి, డిక్కీ బయటికి జారితే ఓవర్‌స్టీర్. మొదటిదాంట్లో ముందు టైర్లు ముందుగా పట్టు వదిలాయి, రెండోదాంట్లో వెనకవి.

ఒక్కో టైరు రోడ్డుకు ఆనేది అరచేయంత మేర. మలుపులో ఆ రబ్బరు కాస్త మెలిపడుతుంది. చక్రం చూసే దిక్కుకూ, నిజంగా పోయే దిక్కుకూ కొద్ది డిగ్రీల తేడా వస్తుంది. దాన్నే స్లిప్ యాంగిల్ అంటారు. ముందు చక్రాలకు ఆ తేడా ఎక్కువైతే అండర్‌స్టీర్, వెనక చక్రాలకు ఎక్కువైతే ఓవర్‌స్టీర్. 1930ల్లో జనరల్ మోటార్స్‌లో మారిస్ ఓలీ వంటి ఇంజనీర్లు దీన్ని లెక్కల్లోకి తెచ్చారు. అంతకు ముందు అది డ్రైవరు చేతివాటం సంగతి.

లెక్క ఎలా ఉంటుందో చూడండి. 40 మీటర్ల వ్యాసార్థం ఉన్న వంపును గంటకు 40 కిలోమీటర్లతో తిరగాలంటే బండి బరువులో మూడో వంతుకు కాస్త తక్కువ బలం పక్కనుంచి కావాలి. అరవైతో తిరగాలంటే బరువులో 70 శాతం కావాలి. పొడి రోడ్డు మీద మంచి టైరు ఆ మాత్రం ఇస్తుంది. తడి దుమ్ము మీద ఇవ్వదు. వేగం రెండింతలైతే కావలసిన బలం నాలుగింతలు. నగరానికి ఆ చివర, 2019 నవంబరు 23న, బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మీద గంటకు 40 పరిమితి ఉన్న వంపులోకి వంద ప్రాంతంలో వచ్చిన కారు గోడ దాటి కింద పడింది, కింద నిలబడ్డ మహిళ ప్రాణం పోయింది. వేగం రెండున్నర రెట్లు, కావలసిన పట్టు ఆరు రెట్లు. అక్కడ ఏ స్టీర్ అన్న చర్చకు చోటే లేదు.

అంబాసిడర్‌లో ఇంజను ముందుండి వెనక చక్రాలను తిప్పేది. 1983లో వచ్చిన మారుతి 800 ముందు చక్రాలతోనే నడిచింది. ఇవాళ దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్తంభాల కింద యూటర్న్ కోసం బారులు తీరే చిన్న కార్లు, క్యాబులు చాలావరకు దాని బాటే. ఇంజను బరువు, లాగే పని, తిప్పే పని మూడూ ముందు టైర్ల మీదే పడతాయి, కాబట్టి ముందుగా అలసిపోయేవీ అవే. కంపెనీలు కూడా మామూలు కార్లను కావాలనే అండర్‌స్టీర్ వైపు మొగ్గేలా తయారుచేస్తాయి. నా దృష్టిలో అది మంచి పనే. భయపడ్డ మనిషి మొదట చేసేది కాలు తీయడం. అండర్‌స్టీర్‌లో మెల్లగా కాలు తీస్తే బరువు ముందుకు వచ్చి, వేగం తగ్గి, టైర్లు మళ్లీ పట్టుకుంటాయి. స్టీరింగ్ ఇంకా ఇంకా తిప్పడమే తప్పు. కాస్త వదిలితేనే తిరుగుతుంది.

ఓవర్‌స్టీర్ అలా కాదు. మలుపు మధ్యలో హఠాత్తుగా కాలు తీసినా, బ్రేకు తొక్కినా వెనక తేలికై ఇంకా జారుతుంది. డిక్కీ ఎటు పోతే స్టీరింగ్ అటే తిప్పి, పోవాల్సిన వైపు చూడాలి. సెకనులో చేయాల్సిన ఈ పనిని నాగోల్ టెస్ట్ ట్రాక్ మీద నెమ్మదిగా 8 వేసి లైసెన్సు తెచ్చుకున్నవారు ఎక్కడ నేర్చుకుంటారు? సినిమా హీరో డ్రిఫ్ట్ చూసి నేర్చుకునేది మాత్రం కాదు. ఇక షేర్ ఆటోకు ఈ రెండు బాధలూ తక్కువే. అది జారకముందే లోపలి చక్రం లేపుతుంది.

ఈఎస్‌సీ (ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్) ఉన్న కార్లు ఆ సెకను పని తామే చేస్తాయి. ముందు జారితే లోపలివైపు వెనక చక్రానికి, వెనక జారితే బయటివైపు ముందు చక్రానికి విడిగా బ్రేకు వేస్తాయి. అయితే ఆ బ్రేకు పనిచేయాల్సింది కూడా టైరు మీదే.

ఇక్కడే మన టైర్ల షాపుల అలవాటొకటి నాకు నచ్చదు. ముందు టైర్లు త్వరగా అరుగుతాయి. అంచున టీడబ్ల్యూఐ అక్షరాలకు ఎదురుగా గాడిలో ఉండే చిన్న దిమ్మె పైకి తేలేసరికి గాడి లోతు 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్టు. అప్పుడు రెండే కొత్తవి కొంటాం. "ముందుకేస్తున్నా సార్, స్టీరింగ్ స్మూత్ ఉంటది," అంటాడు షాపు కుర్రాడు జాకీ ఎత్తుతూ. స్మూత్‌గానే ఉంటుంది. కానీ సగం అరిగినవి వెనక మిగులుతాయి, వానలో నీళ్లను అవి సరిగా చీల్చలేవు. సహజంగా అండర్‌స్టీర్ అయ్యే కారు కాస్తా తడి మలుపులో గిర్రున తిరిగే కారవుతుంది. టైర్ల కంపెనీలు కొత్తవి వెనకకే వేయమని చెబుతాయి. వెనకవి ముందుకు రావాలి. నాలుగు చక్రాలూ విప్పాలి కాబట్టి కుర్రాడు గొణుగుతాడు. గొణగనివ్వండి, అలైన్‌మెంట్‌కు డబ్బులు ఎలాగూ తీసుకుంటాడు. గాలి కూడా అంతే. ఇంటిల్లిపాదీ, సామానుతో సూర్యాపేట వైపు బయల్దేరేటప్పుడు డ్రైవర్ తలుపు పక్కన అంటించిన స్టిక్కర్ చూడండి, నిండు బరువుకు వెనక టైర్లకు ఎంత గాలి పట్టించాలో అక్కడే రాసి ఉంటుంది.