పుల్లింగ్ లెక్క

మొన్న తెల్లవారి ఐదున్నరకు డాలస్ నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. మాకు కోడి కూసే వేళ, వాళ్లకు ముందురోజు సాయంత్రం ఏడు. పలకరింపులు లేవు, క్షేమసమాచారాలు లేవు. "మామా, డీజిలు తీసుకోమంటావా, గ్యాసు తీసుకోమంటావా?" అన్నాడు. వాకిట్లో కల్లాపి చల్లి అప్పుడే లోపలికొచ్చిన మా అక్క ఆ మాట విని ఉలిక్కిపడింది. గ్యాసంటే ఆమెకు తెలిసింది వంట సిలిండరే. ఒకప్పుడు మారుతీ వ్యాన్లలో సీటు వెనక ఆ సిలిండర్లే దాచిపెట్టి తోలిన సంగతీ ఆమెకు తెలుసు. "వద్దు నాయనా, సిలిండరు పెట్టుకుని పిల్లల్ని యాడికీ తిప్పొద్దు" అని మొదలుపెట్టింది. అమెరికాలో పెట్రోలునే గ్యాసంటారని నచ్చజెప్పేసరికి నా కాఫీ చల్లారింది.

వాడి సంగతి ఇదీ. పెండ్లాం, ఇద్దరు పిల్లలు, వేసవిలో విమానమెక్కబోయే మా అక్క. అందరూ కలిసి కొలరాడో కొండలకు పోవాలి. బండి వెనక తగిలించుకుని లాక్కుపోయే ఇల్లొకటి చూసుకున్నాడు. మంచాలు, పొయ్యి, ఫ్రిజ్జు, స్నానాలగది అన్నీ అందులోనే. సామాను నింపితే 6,000 పౌండ్లు తూగుతుందట, అంటే మన లెక్కలో 2,700 కిలోల పైమాట. దాన్ని లాగడానికి ఏ బండి కొనాలి? వాడు ఇంజనీరు, చదవాల్సిందంతా చదివే ఉంటాడు. అయినా నన్నడగడానికి కారణముంది. వాళ్ల తాత తోలే ట్రాక్టరు మడ్డుగార్డు మీద కూర్చుని పెరిగినవాణ్ణి నేను. వాడి దృష్టిలో నేను ట్రాలీల పండితుణ్ణి.

కర్నూలు బస్టాండు పక్కన జీపులు తోలేవాళ్లెవరూ టార్క్ అనరు. 'పుల్లింగ్' అంటారు. బండి కొనేటప్పుడు షోరూములో హార్స్‌పవర్ గురించి చెబుతారు, కొన్నాక డ్రైవర్లు పుల్లింగ్ గురించి అడుగుతారు. ఈ రెండూ వేరువేరని మా వైపు తిరునాళ్లలో బండలాగుడు చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పాలపళ్ల దూడలకు ఒక బండ, రెండు పళ్లకు ఇంకో బండ, సీనియర్ జతలకు చూస్తేనే భయమేసే బండ. ఇచ్చిన నిమిషాల్లో ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. ఆ ఎద్దులు ఎంత వేగంగా పరుగెత్తగలవో ఎవరికీ పట్టదు. జనం ఊపిరి బిగబట్టేది బండ కదిలే ముందు. గిట్టలు మట్టిలో దిగబడతాయి, మెడలు కిందికి వంగుతాయి, తోలేవాడు అదిలిస్తాడు. బండ నేలను వదిలిందా, ఇక ఈలలే. ఆగి ఉన్న బరువును ఆ నిదానంలో కదిలించే బలమే పుల్లింగ్. జట్కాగుర్రం ఎంత మంచిదైనా దాన్ని తెచ్చి ఆ బండకు కట్టరు.

డీజిలు ఇంజను అట్లాంటి ఎద్దు. పెట్రోలు ఇంజను గాలినీ ఇంధనాన్నీ కలిపి పది రెట్లకు అటూఇటూ నొక్కి, నిప్పురవ్వతో అంటిస్తుంది. డీజిలుకు నిప్పురవ్వ ఉండదు. ఉత్త గాలినే పదహారు రెట్లో, అంతకన్నా ఎక్కువో నొక్కితే అది కాలిపోయేంత వేడెక్కుతుంది. అందులోకి డీజిలు చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. మన రోడ్ల మీద ఇంకా తిరుగుతున్న పాత స్విఫ్టునే తీసుకోండి. అదే బండి రెండు రకాల ఇంజన్లతో వచ్చింది. హార్స్‌పవర్‌లో పెట్రోలుదే పైచేయి: దానికి 84, డీజిలుకు 75. పుల్లింగ్‌కు వస్తే కథ తిరగబడుతుంది. పెట్రోలుది నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే గాని 115 న్యూటన్ మీటర్లు రాదు, డీజిలుది 2,000 చుట్ల దగ్గరే 190 ఇస్తుంది. ఐదుగురు కూర్చుని, పైన క్యారియరు నిండా మూటలు కట్టుకుని నల్లమల ఘాట్ ఎక్కినవాళ్లకు ఈ అంకెలు చెవులకే వినిపిస్తాయి. ఒకటి కేకలు పెడుతూ ఎక్కుతుంది, ఇంకొకటి గొణుక్కుంటూ ఎక్కుతుంది.

మా నాయన ట్రాక్టరు గొణుక్కునే రకం. ఎనభైల్లో శివరాత్రి వస్తే ట్రాలీలో వరిగడ్డి పరిచి, మీద జంపఖానాలు వేసి, ఎండకు టార్పాలిన్ కట్టి, ఇరవైమందిమి మహానందికి పోయేవాళ్లం. ఓర్వకల్లు నుంచి నంద్యాల, అక్కణ్ణుంచి మహానంది. జొన్నరొట్టెల మూట, శెనగపప్పు పొడి, నీళ్ల కుండలు, మేనత్తల మధ్య ఏడాదిగా తేలని తగాదాలు, అన్నీ ఆ ట్రాలీలోనే. తెల్లవారి బయలుదేరితే పన్నెండింటికి కోనేట్లో మునిగేవాళ్లం. ఇప్పుడు మా ఊరి పక్కనే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం ఉంది. 2021 మార్చి నుంచి విమానాలు దిగుతున్నాయి. అయినా మేనత్తలందరినీ ఒకేసారి మహానందికి చేర్చే సాధనం ఆ ట్రాలీ తర్వాత నాకింకోటి కనపడలేదు.

ఒకమాట ఒప్పుకోవాలి. ట్రాలీలో మనుషుల్ని ఎక్కించడం అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే. అది సరుకు బండి. ఏదన్నా జరిగితే బీమా అడిగే మొహం ఉండదు. తిరునాళ్ల రోజుల్లో పేపర్లో ట్రాలీ బోల్తా వార్త కనపడితే, ఆ గడ్డి మీద పడుకుని చుక్కలు లెక్కపెట్టిన నాకు ఇప్పటికీ కడుపులో చెయ్యి పెట్టి కలిపినట్టుంటుంది.

ఒకసారి పాణ్యం దాటాక డీజిలు అయిపోయింది. డబ్బాతో తెచ్చి పోశారు. పెట్రోలు బండయితే రెండు కిక్కులకో రెండు సెల్ఫులకో లేచేది. డీజిలు అట్లా లేవదు, పైపుల్లో గాలి చేరుతుంది. దాన్నే 'ఎయిర్ పట్టింది' అంటారు. పంపు దగ్గర నట్టు వదులు చేసి, చేత్తో కొట్టి, బుడగలు పోయి నికరంగా డీజిలు కారేదాకా ఆ గాలి తీయాలి. గంటసేపు నాయన ఆ పనిలో ఉంటే మా జేజి ట్రాలీ మీంచి, "మనిషికైనా బండికైనా వాయువు పడితే కష్టమే లేరా" అంది. ఆమెకు అప్పటికే మూడు రోజులుగా కడుపుబ్బరం.

నాయన దగ్గర నేను నేర్చుకున్నది ఇంజను గురించి కాదు, బరువు సర్దడం గురించి. ఆయన ఎద్దులబండి కాలం మనిషి. బండిలో బరువు వెనక్కి మొగ్గితే కాడి పైకి లేచి ఎద్దుల మెడ కింది పట్టెడ గొంతుకు బిగుస్తుంది. మరీ ముందుకు మొగ్గితే మెడలు కాయలు కాస్తాయి. కొంచెం ముందుకు, కొంచెమే. ట్రాక్టరుకూ అదే సూత్రం వాడేవాడు. ధాన్యం మూటలు, నీళ్ల కుండలు, లావుపాటి మేనత్తలు ట్రాలీ ఇరుసుకు ముందువైపు, పిల్లలు వెనక. వెనక బరువైతే కొక్కెం దగ్గర ట్రాక్టరు తేలికైపోతుంది, ట్రాలీ తోక ఆడిస్తుంది. మేనల్లుడి ఫోనొచ్చాక తెలిసింది, వాళ్ల పుస్తకాల్లో దీనికి అంకె ఉందట: లాగే ఇంటి బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద పడాలి. మా నాయన తూకం వేయలేదు. వంగి ట్రాక్టరు వెనక టైర్ల ఒత్తు చూసేవాడు, అంతే.

దిగడం ఇంకో విద్య. ఎక్కిన గేరులోనే దిగాలన్నది శ్రీశైలం ఘాట్ తోలే ప్రతి డ్రైవరుకీ తెలుసు. తెలియని సంగతి ఒకటుంది. యాక్సిలరేటరు వదిలితే పెట్రోలు ఇంజను గాలి దారి మూసుకుపోతుంది, ఆ బిగువే బండిని కొంత పట్టి ఆపుతుంది. డీజిలుకు మామూలుగా ఆ మూత పని లేదు. అందుకే బరువులు లాగే పెద్ద డీజిలు బండ్లకు పొగగొట్టం దారి మూసి ఆపే బ్రేకు వేరేగా పెడతారు. ఎక్కేటప్పుడు డీజిలును మెచ్చుకున్నవాళ్లు దిగేటప్పుడు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

మా కర్నూలు మెట్టలవాళ్లకు డీజిలుతో ఇంకో చుట్టరికముంది. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిలు ఇంజనును బుడ్డల నూనెతో తిప్పి చూపించారు. అదే, మీరు వేరుశనగ అంటారు. ఎంత నున్నగా తిరిగిందంటే, లోపల కాలుతున్నది నూనె అని అక్కడున్నవాళ్లలో చాలామందికి తెలియనే లేదని ఆ ఇంజను కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిలే తర్వాత 1912లో చెప్పుకొచ్చాడు. ఆఫ్రికా వలస దేశాల్లో బుడ్డలు బాగా పండుతాయి గనక ఫ్రెంచి ప్రభుత్వానికి ఆ ఆలోచన వచ్చింది. ఓర్వకల్లు నుంచి అనంతపురం దాకా తరాల తరబడి బుడ్డలు వేసి వానకోసం ఆకాశం చూసిన రైతు కొడుకుగా, ఆ కథ అక్కడితో ఆగిపోయినందుకు నాకు ఇప్పటికీ కడుపుమంటే. అయితే నూనె ధర చూస్తే, తాలింపుకే పొదుపుగా వాడుతున్నాం, ట్రాక్టరుకు ఎవరు పోస్తారు?

డీజిలు మీద మన మోజుకు పుల్లింగ్ ఒక్కటే కారణం కాదు. 2012 మే నెలలో ఢిల్లీలో లీటరు పెట్రోలు 73 రూపాయలు దాటితే డీజిలు 41 లోపే. ముప్పై రూపాయల పైచిలుకు తేడా! ఆ రోజుల్లో డీజిలు కారు కొననివాణ్ణి లెక్క తెలియనివాడన్నారు. 2014 అక్టోబరులో డీజిలు ధర మీద ప్రభుత్వం పట్టు వదిలేసింది. 2020 జూన్‌లో ఢిల్లీలో కొన్నాళ్లు డీజిలే పెట్రోలును దాటింది. అదే ఏడాది ఏప్రిల్ నుంచి బండ్ల పొగ మీద బీఎస్-6 నిబంధనలొచ్చాయి, మారుతి డీజిలు కార్లే మానేసింది. కాలం మారిందని లోకమంతా చెబుతూనే ఉంది.

నేను వినలేదు. ట్రాక్టరు ఇంట్లో పుట్టినవాడు పెట్రోలు బండి కొంటే పరువు తక్కువన్న పిచ్చి. లక్షన్నర ఎక్కువ పెట్టి డీజిలు బండి కొన్నా. రోజూ చేసింది ఏమిటంటే ఊళ్లోకి పాలకు, బడి దగ్గరకు మనవరాలికోసం, వారానికోసారి కర్నూలుకు. కొత్త డీజిలు బండ్ల పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి హైవే మీద కాసేపు వేడిగా, ఏకబిగిన పరుగెత్తాలి. నాది వేడెక్కేలోపే ఇంటికొచ్చేది. ఏడాది తిరక్కుండా హెచ్చరిక దీపం వెలిగింది, తర్వాత బండి కుంటింది. సర్వీసు సెంటరులో వాళ్లు చాంతాడంత బిల్లు చేతిలో పెట్టి, "సార్, అప్పుడప్పుడు నంద్యాల దాకా ఊరికే పోయి రండి" అన్నారు. జల్లెడ కడగడానికి డీజిలు కాల్చుకుంటూ నంద్యాల పోవడం! ఇంకొన్ని బండ్లకు యూరియా నీళ్లు కూడా పోయాలని విని మా తమ్ముడు, "సొసైటీ ముందర చేనుకే యూరియా దొరకదు, కారుకు యాణ్ణుంచి తెస్తావు?" అన్నాడు.

ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశా. పెట్రోలు లీటరు 110, బండి 12 కిలోమీటర్లిస్తుంది. డీజిలు 98, 17 ఇస్తుంది. అంటే కిలోమీటరుకు మూడు రూపాయల నలభై పైసలు మిగులు. లక్షన్నర తిరిగి రావాలంటే 44,000 కిలోమీటర్లు తిరగాలి. నేను తిరిగేది ఏడాదికి ఆరువేలు. ఏడేళ్లు దాటాలి, అదీ జల్లెడ బిల్లు కలపకుండా. నా తమ్ముడి బొలెరో సంగతి వేరు. రోజూ ఉల్లిగడ్డలో మిరపకాయలో ఎక్కించుకుని నూరు కిలోమీటర్లు పోతాడు. వాడికి డీజిలే సరి, వాడితో నేను వాదించను.

అందుకే మేనల్లుణ్ణి ఒక్కటే అడిగా. "ఏడాదికి ఎన్ని రోజులు ఆ ఇంటిని లాగుతావురా?"

కాసేపు ఆలోచించాడు. "పది... మహా అయితే పన్నెండు."

"మిగతా రోజులు?"

"ఆఫీసు, పిల్లల బడి, సరుకులకు పటేల్ బ్రదర్స్."

వాళ్ల దగ్గర డీజిలు ఇంజనుకు పదివేల డాలర్ల దాకా ఎక్కువ పెట్టాలట. బంకులోనూ డీజిలే ప్రియం. వాళ్ల కేంద్ర పన్ను గ్యాలనుకు పెట్రోలు మీద 18.4 సెంట్లయితే డీజిలు మీద 24.4. కొలరాడో కనుమలు 11,000 అడుగులు దాటతాయి, గాలి పల్చబడి మామూలు పెట్రోలు ఇంజను నీరసపడుతుందన్నది నిజమే. కానీ టర్బో ఉన్న పెట్రోలు ఇంజను ఆ లోటు చాలావరకు పూడ్చుకుంటుంది, 2,700 కిలోలకు అది చాలు. అదే అయిదారు టన్నులు తగిలించుకుని నెలకు రెండుసార్లు తిరిగే మనిషయితే, డీజిలు కొనుక్కోమని నేనే చెప్పేవాణ్ణి. "నీళ్ల ట్యాంకు, సామాన్లు ఇరుసుకు కొంచెం ముందుకు సర్దు. ఎక్కిన గేరులోనే దిగు. మీ అమ్మను మాత్రం ట్రాలీలో కాదు, ముందు బండిలోనే కూర్చోబెట్టు" అన్నా. పక్క నుంచి అక్క, "నేనెందుకు కూర్చుంటా ట్రాలీలో!" అంది, చిన్నప్పుడు మా నాయన ట్రాలీలో కిటికీ పక్క సీటు నాదేనని కొట్లాడిన మనిషి. ట్రాలీకి కిటికీ ఎక్కడిది? టార్పాలిన్‌కు చిరుగు.

పెట్టేసే ముందు వాడు, "మామా, ఇంకొక్కటి. దీన్ని వెనక్కి ఎట్లా తీయాలి? స్టీరింగు ఇటు తిప్పితే అది అటు పోతాదంట" అన్నాడు.

అక్కడ పండితుడి బండారం బయటపడింది. నాయన రివర్సు తీసేటప్పుడు నేను దిగి "రానీ... రానీ..." అనేవాణ్ణి. నా చేతికి స్టీరింగు ఇచ్చిన రోజు ట్రాలీని గడ్డివాములోకి తోలా. ఆ తర్వాత ఎప్పుడూ పిన్ను తీసి, నలుగురం కలిసి ట్రాలీని చేత్తో నెట్టుకున్నాం. ఆ సంగతి చెప్పలేదు. తమ్ముడి నంబరిచ్చా.