ధర్మవరపు అంగడి పలకలు

కావ్యములను విమర్శించువారు మనలో పెక్కుమంది కలరు. నిత్యమును వీథిలో వేలమంది కన్నుల బడు వ్రాతను విమర్శించువారు అరుదు. అంగడి నెత్తిన గట్టిన పలకయు రచనయే. దానికిని కర్త కలడు, పాఠకుడు కలడు, గుణదోషములును కలవు. కావున ఈ మాసము మేము పుస్తకమును ప్రక్కన బెట్టి, ధర్మవరపు పట్టుచీరల అంగళ్ల పలకలను చదువబూనితిమి.

ఇందుకు కారణమైన సంగతి యొకటి చెప్పవలసి యున్నది. మా పొరుగింట నొక వృద్ధురాలు కలదు. బ్రతుకంతయు మగ్గముల యిండ్లలో కండెలు చుట్టుచు గడపి, అరువదియేండ్లు దాటిన పిమ్మట మనుమరాలి దగ్గర అక్షరములు దిద్దుకొన్నది. ఒకనాడు మాతో బజారున నడచుచు, ఒక పెద్ద అంగడి పేరు కూడబలుకుకొని, "దర్మవరం వట్టు చీరలు" అని చదివెను. ప్రక్కనున్న కుర్రవాడు నవ్వెను. ఆమె తల వంచుకొని, "నాకింకా చదువు రాలేదయ్యవారూ" అనెను. తప్పు ఆమెదేయని మేమును ఒక్క క్షణము భ్రమపడితిమి. తల యెత్తి చూతుముగదా, ఆమె చదివినది పలకపై నున్నది యున్నట్లే!

ఎట్లనగా, పకారమునకును వకారమునకును గల భేదము తలకట్టునందున్నది. వకారమునకు తలకట్టు అంటియుండును. పకారమునకు అంటక విడివడి యుండును. నడుమ నున్న ఆ గోరంత ఖాళీయే పకారమునకు ప్రాణము. అట్లే దకారము క్రింద చిన్న గీత పడినచో ధకార మగును. కంప్యూటరుపై అక్షరములను లావు చేసి, చుట్టును తెల్లని అంచు గట్టి, ఆ వెనుక నల్లని నీడ దింపగా ఖాళీ పూడిపోయినది, గీత అంచులో మునిగిపోయినది. మా కన్నులకు మాత్రము అది "ధర్మవరం పట్టు చీరలు" అనియే తోచెను. ఏలయన, అచట ఏమి యుండవలెనో మేము ముందే యెరుగుదుము. మేము చదువలేదు, ఊహించితిమి. అక్షరమును నమ్మి చదివినది ఆమెయొక్కతెయే, సిగ్గుపడినదియు ఆమెయే.

తెలుగు లిపి గుండ్రనిది, చిక్కులది, పలకలకు పనికిరానిది యని చదువుకొన్నవారే యనుచుందురు. అట్టివారు ధర్మవరపు రైలు స్టేషనునకు పోయి చూతురు గాక. పసుపుపచ్చని పలకపై నల్లని అక్షరములతో మూడు భాషలలో ఊరి పేరు వ్రాసియున్నది. నీడ లేదు, అంచు లేదు, మెరుపు లేదు. కదలుచున్న బండిలోనుండి చూచినను అందలి తెలుగు తక్కిన రెండింటికిని తీసిపోదు.

ఇంగ్లండులో 1965లో అమలులోనికి వచ్చిన క్రొత్త బాటపలకలను రూపొందించిన జాక్ కిన్నీర్, మార్గరెట్ కాల్వర్ట్ అనువారు ఊళ్ల పేర్లను అన్నియు పెద్దబడి అక్షరములతో వ్రాయు పాత పద్ధతిని మాన్పించి, మొదటిదానిని మాత్రము పెద్దబడిలో నుంచి తక్కినవి చిన్నబడిలో వ్రాయించిరి. హెచ్చుతగ్గులు గల పదమునకు ఒక ఆకార మేర్పడును. కన్ను దానిని చప్పున గుర్తించునని వారి తాత్పర్యము. ఆ హెచ్చుతగ్గులు మనకు పుట్టుకతోనే యున్నవి. పైన గుడి, క్రింద వత్తు, ప్రక్కన కొమ్ము. మన పలకలు వ్రాయించువారు ముందుగా కత్తిరించునవి అవియే. పలక పొడవు ముప్పదియడుగులు, ఎత్తు మూడడుగులు. అక్షరమును అడ్డముగా సాగదీయగా "పట్టు" నందలి టవత్తు అణగి చీమవలె క్రింద ప్రాకుచుండును.

ఇందులో మరియొక వింత. "పట్టు" అన్నచో భరించవలసినది ఒక్క వత్తు. దానిని నాజూకు కాదని తలచి "సిల్క్స్" అని వ్రాసికొనుచున్నారు. ఇప్పుడు లకారము క్రింద కకారము, దాని చెంత సకారము, అన్నిటిపైన పొల్లు! ఆ మోపుతో ఆ అక్షరము సగము పలకను మ్రింగుచున్నది.

వెనుకటి చిత్రకారులు కుంచెతో వ్రాయునపుడు ముందుగా గీతలు గీచి, వత్తులకు చోటు విడిచి, ఆ మీదట రంగు ముట్టెడివారు. వారును నీడలకు లోబడినవారే, దోషరహితులని మేమనము. కాని ఒక్కొక్క అక్షరమును చేతితో దింపువానికి పకారపు ఖాళీ తెలిసియుండును. ఫ్లెక్సీ వచ్చిన పిమ్మట ఆ చేయి పనిలేనిదైనది.

ఐనను కంప్యూటరును నిందించుట న్యాయము కాదు. సిలికానాంధ్రవారు వెలువరించిన మంచి అక్షరరూపములు ఉచితముగా లభించుచున్నవి. పురుషోత్ కుమార్ గుత్తులవారు రూపొందించిన "రామభద్ర" బలిసిన రూపము. రెండు మాటల పేరునకు, అదియును అంచు గట్టకున్నచో, సొగసుగా నుండును. దానితోనే అంగడిలో దొరకు సరకుల పట్టికనంతయు నింపినచో చదువరికి ఊపిరాడదు. ఆ పనికి "మండలి" వంటి తేలికరూపము తగును. ఇక ఎఱ్ఱని నేలపై బంగారు రంగు అక్షరములు, వాటిపై మరల బంగారు మెరుపులు! జరీ చీరకు అంచున నుండి అందము తెచ్చుచున్నది. అక్షరముపై గుమ్మరించినచో ఎండవేళ పలకయంతయు ఒక్క మెరుపుగా కనబడును.

నామఫలకముపై తెలుగు ముందుండవలెనని, తక్కిన భాషలు దాని క్రింద నుండవలెనని దుకాణముల నిబంధనలు చెప్పుచున్నవి. మేము చూచిన పలకలలో ఇంగ్లీషు నడినెత్తిన గూర్చుండగా తెలుగు మూలన నొదిగి యున్నవే యెక్కువ. పెండ్లిచీరకై పల్లెనుండి వచ్చు తల్లి చదువగలది ఆ మూలనున్నదే కదా.

ముందు చెప్పిన అంగడి యజమానిని మేము కలిసికొంటిమి. ఆయన మర్యాదస్థుడు, సుద్దముక్క తెప్పించి, అరుగుమీద వ్రాసి చూపుమనెను. పకారమును, వకారమును ప్రక్కప్రక్కన వ్రాసితిమి. చాలసేపు చూచి, "మా తాతగారి కాలపు చెక్కపలక అటకమీద నున్నది, దానిని చూతము" అని దింపించెను. దానిపై దుమ్ము తుడువగా పకారపు తలకట్టు వ్రేలు దూరునంత యెడముగా నుండెను. నెల తిరుగక మునుపే క్రొత్త ఫ్లెక్సీ వచ్చినది. నీడ పోయినది, ధకారమునకు గీత మరల వచ్చినది. ఇంగ్లీషు మాత్రము ఇంకను పైననే యున్నది.