పోగు విడిచి పోగు

విశాఖపట్నంలో బస్సు ఎక్కాలంటే కాంప్లెక్స్‌కి వెళ్తారు. నాలుగు దుకాణాలు ఒక కప్పు కిందికి చేరినా కాంప్లెక్సే. తనను తాను తక్కువ చేసుకునేవాడికి ఉన్నదీ కాంప్లెక్సే. వ్యవహారం తెమలకపోతే ‘చాలా కాంప్లెక్స్ అయిపోయింది’ అని చేతులెత్తేస్తాం. ఇన్ని చాకిరీలు చేస్తున్న ఈ ఇంగ్లీషు మాటకు మూలం లాటిన్‌లోని ‘ప్లెక్టెరె’, అంటే అల్లడం, పేనడం. కాంప్లెక్స్ అంటే కలిపి అల్లినది. దానికి జతగా వాడే కాంప్లికేటెడ్‌కి మూలం ‘ప్లికారె’, మడవడం. ఇంట్రికేట్‌కి మూలం ‘ట్రికే’, అంటే చిక్కులు, అడ్డంకులు. ఒకే అర్థంలో వాడేస్తున్న మూడు మాటల్లో ఒకటి అల్లిక, ఒకటి మడత, ఒకటి చిక్కు. అల్లికకీ చిక్కుకీ ఉన్న తేడా నేత పనివాడికి ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ తేడా మీదే ఆయన కూడు ఆధారపడి ఉంది.

అలాంటి పనివాళ్లెందరో వలస వెళ్లిన బొంబాయిలో కామాఠీపుర అనగానే బయటివాళ్లకు ఒక్క సంగతే గుర్తొస్తుంది. ఆ పేరు మాత్రం కాయకష్టం చేసినవాళ్లది. 1784 ప్రాంతంలో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పూర్తయి సముద్రపు నీరు లోపలికి రావడం ఆగాక, బొంబాయి పల్లపు నేలల్లో ఊరు పెరిగింది. నిజాం ఏలుబడి నుంచి వచ్చి రాళ్లు మోసి, సున్నం కలిపి, గోడలు లేపిన తెలుగువాళ్లను కామాఠీలన్నారు. 1854లో కావస్‌జీ దావర్ తాడ్‌దేవ్‌లో బట్టల మిల్లుకు పూనుకున్నాక ఒక్కో మిల్లూ లేస్తూ వచ్చింది. నల్లగొండ, కరీంనగర్, వరంగల్ వైపు నుంచి పద్మశాలీలు వచ్చి వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ చాళ్లలో ఒక్కో ఖోలీలో, అంటే ఒంటిగదిలో, సర్దుకున్నారు. పొట్ట చేతపట్టుకుని వచ్చారని రాస్తుంటారు. అది సగం నిజం. చేతుల్లో ఒక విద్య పట్టుకుని వచ్చారు. కూలీల కింద జమకట్టిన ఆ మనుషుల విద్య ఎలాంటిదో ఎక్కువమంది రాయలేదు.

ఆ విద్య మగ్గం ఎక్కకముందే మొదలవుతుంది. చీరకు పడుగులో, అంటే నిలువు వరసలో, వేల పోగులుంటాయి. వాటిని బారుగా సాగదీసేటప్పుడు పోగు విడిచి పోగు ఒకటి పైకి, ఒకటి కిందికి వెళ్లి ఒకచోట ఒకదాన్నొకటి దాటేలా వేస్తారు. ఆ దాటే చోట పుల్లలు గుచ్చుతారు. అన్ని వేల పోగులూ చిక్కుపడకుండా కాపాడేది ఆ ఒక్క ఏర్పాటే. ఎక్కడ పోగు తెగినా దాని స్థానం ఆ పుల్లల దగ్గర దొరుకుతుంది. వరస తప్పితే మాత్రం పడుగంతా పాడవుతుంది. తర్వాత గంజి పట్టించి, ఆరబెట్టి, దువ్వెనలాంటి అచ్చులోని సందుల గుండా పోగులు తీస్తారు. కొత్త పడుగు ఎక్కించేటప్పుడు పాత పడుగు కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతుకుతారు. రోజంతా వేళ్లు ఆడుతూనే ఉంటాయి. కళ్లు ఒక్క క్షణం పక్కకు పోకూడదు.

పోచంపల్లి, పుట్టపాక వైపు చిటికి పని దీనికంటే కఠినం. అక్కడ బొమ్మ బట్ట మీద పుట్టదు, నూలు మీదే పుడుతుంది. గళ్ల కాగితం మీద గీసుకున్న నమూనా ప్రకారం పోగుల గుత్తులను రబ్బరు పట్టీలతో బిగించి కడతారు. కట్టిన చోటికి రంగు ఎక్కదు. ఒక రంగు ముంచాక కొన్ని కట్లు విప్పి, మరికొన్ని కట్టి, ఇంకో రంగులో ముంచుతారు. పడుగూ, అడ్డంగా నేసే పేకా రెండూ ఇలా కట్టిన బట్టలో, పేక పోగు పడిన ప్రతిసారీ దాని ఎరుపు పడుగు ఎరుపు మీద వచ్చి కూర్చోవాలి. ఎక్కడైనా ఒక్క వెంట్రుకవాసి జరిగితే చేత్తో సర్ది మళ్లీ దువ్వాలి. ఈ చిటికి పనినే ఇక్కత్ అంటారు. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఈ పనిలో ఇంటి ఆడవాళ్ల వాటాను మనం చాలాకాలం లెక్కలోకి తీసుకోలేదు. పేక నూలును కట్టడానికి ముందు మేకుల చట్రం మీద ఇటూ అటూ పోస్తారు. దాన్నే ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు ఆడాలి. ఆలేరు దగ్గర శారాజీపేటలో తల్లి భుజాల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి కుస్తీ పట్టి 1999లో ఆసు యంత్రం తయారు చేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం రాకముందు ఎన్ని తరాల తల్లుల భుజాలు అరిగిపోయాయో తలచుకుంటే చీర మీది పువ్వు అందం ఒక్కటే చూసి ఊరుకోలేం.

ఇంత లెక్క చేతిలో ఉన్నవాళ్లు బొంబాయి మిల్లుల సాంచా ఖాతాలో కుదురుకున్నారంటే ఆశ్చర్యం లేదు. సాంచా అంటే మరమగ్గం, ఖాతా అంటే మిల్లులో విభాగం. అక్కడ కాళ్లతో తొక్కే పని లేదు కానీ తెగిన పోగును పట్టే కన్ను, క్షణంలో ముడివేసే వేళ్లు కావాలి. నేత పనివాడు సాధారణంగా రెండు సాంచాలు చూసుకునేవాడు. మూడు చూడమన్నప్పుడు రగిలిన గొడవే 1928 ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా సాగిన మహా సమ్మెకు ఒక ముఖ్య కారణం. రెండింటికీ మూడింటికీ తేడా యజమాని కాగితం మీద ఒక అంకె. సాంచాల మధ్య నిలబడ్డవాడికి ఎన్ని వేల పోగుల మీద కన్నుంచాలన్న ప్రశ్న.

ఒక ముక్క దాచకూడదు. నూలు కండె మార్చినప్పుడల్లా, పేక పోగును అటూ ఇటూ మోసే నాడె కన్నంలోంచి పోగును నోటితో పీల్చి లాగేవారు. ఎంగిలి సాకు చూపి, జీతం ఎక్కువున్న ఈ ఖాతాలోకి దళితులను రానివ్వలేదు. 1928 సమ్మెలో అంబేడ్కర్ ఈ అన్యాయాన్ని కార్మిక నాయకుల ముందు పెట్టారు. మన పనితనం గురించి గర్వంగా చెప్పుకునేటప్పుడు ఈ అన్యాయం కూడా చెప్పుకోవాలి.

1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన బొంబాయి మిల్లు సమ్మెలో దాదాపు రెండున్నర లక్షలమంది పాల్గొన్నారు. దాని తర్వాత చాలా మిల్లులు మళ్లీ తెరుచుకోలేదు. పని పోయినవాళ్లలో కొందరు మరమగ్గాల ఊరు భివండీ చేరారు, కొందరు ఊరి దారి పట్టారు. మిల్లు నేలల మీద ఇప్పుడు మాల్‌లు, ఆఫీసులు లేచాయి. లోయర్ పరేల్‌లో ఫీనిక్స్ మిల్లు ఇవాళ మాల్, కమలా మిల్లు ఆఫీసుల సముదాయం. అల్లిక నుంచి పుట్టిన కాంప్లెక్స్ అనే మాట, అల్లినవాళ్లు లేచిపోయిన చోట అద్దాల భవనాలకు పేరుగా మిగిలింది. ఇది నాకు బాధ కలిగించే సంగతి. బట్ట పోయినందుకు కాదు, ఆ లెక్క తెలిసిన చేతులను ఎవరూ గురువులుగా చూడనందుకు.

సిరిసిల్లలో ఇప్పటికీ మరమగ్గాన్ని సాంచా అనే అంటారు. బొంబాయి, భివండీ తిరిగిన మన పనివాళ్ల మాట అది. మీ ఇంట్లో, మీ చాళ్లో సాంచా నడిపిన పెద్దమనిషి ఉంటే వెళ్లి కూర్చోండి. ఏ మిల్లు, ఏ ఖాతా, తెగిన పోగును ఎలా పట్టేవాడు, పనిముట్లను ఏమనేవాడు, అన్నీ అడగండి. అవ్వ ఉంటే ఆసు పోసిన తీరు అడగండి. విన్నది విన్నట్టు వాళ్ల మాటల్లోనే రాసి పెట్టండి. వాళ్లు ఉండగానే ఈ పని జరగాలి.