గోడ కెక్కిన శిలాజములు

కూచిపూడి నేల కృష్ణానది తెచ్చి పోసిన ఒండ్రుమట్టి. అచట పొలము దున్ను రైతునకు పురాతన మత్స్యపు అచ్చు గల రాతిపలక దొరకదు. అట్టి పలక ఆ యూరి ఇంటిగోడపై కనిపించినచో అది వేరొక చోటినుండి వచ్చినదే యగును. ఆ చోటేది? ఈ ప్రశ్నకు జవాబు లేని పలక ఎంత అందమైనదైనను శాస్త్రమునకు సగము శిలాజమే.

అందమును కాదన పనిలేదు. అమెరికాలోని వయోమింగు రాష్ట్రమున గ్రీన్ రివర్ శిలలనుండి తీసిన నైటియా అను చిన్న చేపల పలకలు అలంకారమునకై లోకమంతట అమ్ముడగుచున్నవి. సుమారు 5 కోట్ల సంవత్సరముల క్రిందట సరస్సు అడుగున సన్నని మట్టిలో కప్పబడుటచే వాని ముళ్లు, వాజములు సయితము చెడలేదు. నైటియా సమృద్ధిగా దొరకును. ఒకటి గోడ కెక్కినను శాస్త్రమునకు పెద్ద నష్టము లేదు. అరుదైన నమూనా సంగతి వేరు.

కూచిపూడికి ఉత్తరమున నూజివీడు ప్రాంతములో గొల్లపల్లి ఇసుకరాళ్లు కలవు. వానిలో సైకస్ ఆకును పోలిన టిలోఫిల్లమ్ ఆకుల అచ్చులు దొరకినవి. ఈ వృక్షశిలాజములను ఆట్టోకార్ ఫైస్ట్‌మాంటెల్ 1877లో వర్ణించి, జురాసిక్ యుగపు తొలి భాగమునకు చేర్చెను. తరువాతి పరిశోధకులు పలువురు వానిని క్రిటేషియస్ యుగపు తొలి కాలమునకు చెందినవిగా ఎంచిరి. అనగా కోట్ల సంవత్సరముల సవరణ! అవి ఏ యూరిలో, ఏ రాతిలో దొరకినవో వ్రాసియుండుటచేతనే ఈ పునఃపరిశీలన సాధ్యమయ్యెను.

ఆ వివరము తప్పయినచో కలుగు చిక్కు 1989లో బయటపడెను. హిమాలయములలో దొరకినవని ప్రకటింపబడిన పలు శిలాజములు నిజమునకు ఇతర దేశములవని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు జాన్ టాలెంట్ నేచర్ పత్రికలో ఆరోపించి, కారణములు చూపెను. ఆ కొండల చరిత్రలో దేనిని నమ్మవలెనో, దేనిని విడువవలెనో తేల్చుట కష్టమయ్యెను.

అంగడిలో ఫెర్న్ శిలాజములని అమ్మునవి కొన్ని అసలు మొక్కలే కావు. రాతి పగుళ్లలో మాంగనీసు ఆక్సైడు కొమ్మలవలె పేరుకొనగా ఏర్పడిన గీతలవి. ఫెర్న్ ఆకునకు నడిమి ఈనె, దానికి ఇరుప్రక్కల వరుసగా చిన్న రెక్కలు ఉండును. ఈ గీతలలో ఆ క్రమము కానరాదు.

శిలాజమును కళగా చూచుట దోషము కాదు. దాని జన్మస్థానమును పోగొట్టుట దోషము. గోడ అలంకారమునకు ప్లాస్టరు అచ్చు చాలును. అరుదైన అసలు నమూనా దొరకిన స్థలము, పొర, తేది వ్రాసిన చీటీతో మ్యూజియమునకు చేరవలెను. పాఠశాలలో శిలాజ మున్నచో విద్యార్థి దాని అందమును తనివితీర చూడవలెను. పిమ్మట చీటీని చదువవలెను.